పాత కారు ఏసీ: ఏటా గ్యాస్ కొట్టిస్తూ నెట్టుకురావాలా, డాష్‌బోర్డ్ విప్పించాలా?

గుంటూరు పాతబండి

అందరికీ నమస్కారం. నాది 2010 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 15 ఏళ్లు నిండాయని ఆర్‌సీ మరో 5 ఏళ్లకు రెన్యువల్ చేయించాను. ఇంజిన్ బాగుంది, అమ్మే ఆలోచన లేదు. బాధంతా ఏసీతోనే. మూడేళ్లుగా మార్చిలో గ్యాస్ కొట్టిస్తున్నాను. ఈసారి మే నడిమికే చల్లదనం పోయింది. గ్యాస్ కొట్టిన షాపులో "పాత బండి కదండీ, గ్యాస్ తాగుతుంది" అన్నారు. ఇంకోచోట బానెట్ ఎత్తి చూసి, "కూలింగ్ కాయిల్ (డాష్‌బోర్డ్ వెనక గాలిని చల్లబరిచేది) పోయింది, డాష్‌బోర్డ్ విప్పాలి, 14 వేలు అవుతుంది" అన్నారు. కాయిలే అని ఎలా తెలిసిందంటే "అనుభవం" అన్నారు. నాన్నగారికి 74 ఏళ్లు, నెలకు రెండుసార్లు విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ ఎండలో ఆయన పడే అవస్థ చూడలేకపోతున్నాను. ఏం చేయమంటారు?

నల్గొండ డ్రైవర్

అన్నా, 22 ఏళ్లుగా బండ్ల మీదే బతుకుతున్నాను, నా మాట వినండి. గ్యాస్‌కు ఏడాదికి 1,800 అనుకుందాం. ఐదేళ్లకు 9,000. కాయిల్‌కు 14 వేలు. ఐదేళ్ల తర్వాత ఆ బండి ఉంటుందో లేదో తెలియదు. డబ్బు పక్కన పెట్టండి, అసలు భయం డాష్‌బోర్డ్‌తో. 15 ఏళ్లు ఎండకు ఎండిన ప్లాస్టిక్ అది. క్లిప్పులు పట్టుకుంటే పుటుక్కున విరుగుతాయి. నా పాత బండికి ఒకసారి విప్పించాను. ఆ తర్వాత గతుకు వచ్చిన ప్రతిసారీ కిర్రుమనేది, అమ్మేదాకా ఆ చప్పుడు పోలేదు. గ్యాస్ కొట్టించుకోండి, హాయిగా తిరగండి.

బెజవాడ ఏసీ పని

ఆటోనగర్‌లో 19 ఏళ్లుగా కారు ఏసీల పనే చేస్తున్నాను. డ్రైవర్ అన్న చెప్పిన క్లిప్పుల బాధ నిజం. కానీ ఆ లెక్కతో నేను ఒప్పుకోను.

గ్యాస్ పెట్రోలు కాదండీ, వాడితే అయిపోవడానికి. అది పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు పైపుల్లోంచి, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ సీలులోంచి కొద్దికొద్దిగా పోవడం పాత బండ్లకు మామూలే. అలా పోతే రెండు మూడేళ్లకు చల్లదనం కాస్త తగ్గాలి. రెండు నెలల్లో ఖాళీ అయిందంటే ఎక్కడో కన్నం ఉంది. ఆ కన్నంలోంచి గ్యాస్ ఒక్కటే పోదు, కంప్రెసర్ ఆయిల్ కూడా పోతుంది. గ్యాస్ తక్కువైనప్పుడు సిస్టంలో మిగిలిన ఆయిల్ కూడా కంప్రెసర్‌కు సరిగ్గా తిరిగి రాదు. అలా కొన్నాళ్లు నడిస్తే కంప్రెసర్ పట్టేస్తుంది. అప్పుడు లోపల రాలిన లోహపు పొడి, గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ దాకా పాకుతుంది. 14 వేల మాట అప్పుడు చిన్నదైపోతుంది. డ్రైవర్ అన్న లెక్కలో ఈ ఖర్చు లేదు.

అలాగని కాయిల్ మార్చేయమని కూడా అనను. చూడకుండానే కాయిల్ అన్నవాళ్ల మీద నాకు కోపమే. పరీక్ష చేయకుండా చెప్పే మాట ఊహే. మిగిలిన గ్యాస్‌ను మెషీన్‌లోకి తీయించి, నైట్రోజన్ 150 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దాకా ఎక్కించి రాత్రంతా వదిలేయమనండి. తెల్లవారి చల్లదనానికి ఓ ఐదు పీఎస్‌ఐ తగ్గితే లెక్కలోకి రాదు. ముప్పై తగ్గితే లీకు ఉన్నట్టే. సబ్బు నురగతో బయటి జాయింట్లన్నీ చూడాలి. జాయింట్ దగ్గర నూనె మరకకు దుమ్ము అంటుకుని నల్లగా ఉంటే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. జాయింట్‌లోని రబ్బరు ఓ-రింగు పోతే వందల్లో తేలిపోతుంది. బయట ఏమీ లేకపోతే ఇంజిన్ గది వైపు నుంచే కాయిల్ పైపులు విడదీసి, మూతలు బిగించి, కాయిల్‌కు ఒక్కదానికే నైట్రోజన్ పెట్టవచ్చు. దానికి డాష్‌బోర్డ్ ముట్టుకోవాల్సిన పనే లేదు.

గ్యాస్‌ను ఎప్పుడైనా తూకంతోనే ఎక్కించమనండి. గేజి చూసి "ఫుల్" అన్నవాళ్లను నమ్మవద్దు. 35 డిగ్రీల వేడిలో ఇంజిన్ ఆపి గేజి పెడితే ఆర్-134ఎ (మన కార్ల ఏసీ గ్యాస్) దాదాపు 115 పీఎస్‌ఐ చూపిస్తుంది. లోపల 400 గ్రాములున్నా, అందులో సగమే ఉన్నా అంతే. ఎన్ని గ్రాములు పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. ఎక్కువ కొడితే ఎక్కువ చల్లన అనుకుంటారు, నిజానికి ప్రెషర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది.

విశాఖ తీరం

మా ఇల్లు సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి కండెన్సర్ రేకులు పొడిపొడిగా రాలిపోయాయి. రెండు వేసవులు గ్యాస్ కొట్టించాక గానీ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కండెన్సర్ మార్చాక మూడేళ్లుగా గ్యాస్ ముట్టుకోలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆర్-134ఎ వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. 400 గ్రాములు గాలిలో కలిపేయడమంటే 570 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. ఏటా అలా వదులుతూ, ఎండలు ముదురుతున్నాయని మనమే బాధపడుతున్నాం. డబ్బు మిగిలినా నాకు ఆ పద్ధతి నచ్చదు.

నల్గొండ డ్రైవర్

నైట్రోజన్ పరీక్ష మంచిదే, కాదనను. కానీ మా వైపు చిన్న ఊళ్లలో ఎంతమంది చేస్తారు? బండి ఒక రాత్రి వదిలేస్తే నాకు మరుసటి రోజు కిరాయి పోతుంది. నాలాంటివాళ్లకు గ్యాస్ కొట్టించుకోవడం తప్ప దారి లేదు, తెలివి లేక కాదు. ఎండాకాలం మూడు నెలలు గడిస్తే చాలు.

బెజవాడ ఏసీ పని

మీ ఇబ్బంది నాకు అర్థమైంది అన్నా. ఒక వేసవంతా గ్యాస్ నిలిచే బండికైతే, తూకం వేసి, దానితో పాటు ఆయిల్ కూడా కాస్త పోయించుకుంటే ఒకటి రెండేళ్లు నడపవచ్చు. నేనూ అలా చేసి పంపిన బండ్లున్నాయి. రెండు నెలలకే ఖాళీ అయ్యే బండికి మాత్రం అది మందు కాదు. డబ్బాల్లో అమ్మే లీకు మూసే మందులు అసలే వద్దు. తేమ తగిలితే అవి లోపల గడ్డకట్టి సన్న దారుల్ని మూసేస్తాయి.

కూకట్‌పల్లి సెకండ్‌హ్యాండ్

గ్యాస్, కాయిల్ తప్ప వేరే కారణాలు ఎవరూ అడగడం లేదు. గుంటూరు అన్నా, హైవే మీద చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర పోతోందా? అయితే ముందు కండెన్సర్ ఫ్యాన్ చూడండి. అరగంట బాగా వచ్చి తర్వాత గాలే తగ్గిపోతోందా? కాయిల్ మీద మంచు కడుతోంది, సెన్సర్ చూడాలి. నా బండికి ఈ రెండూ కాదు. హీటర్ కేబుల్ జారిపోయి, నాబ్ చల్లటి వైపున్నా లోపలి రేకు సగం తెరిచే ఉండిపోయింది. ఇంజిన్ వేడి నీళ్ల గాలి ఏసీ గాలిలో కలిసేది. రెండుసార్లు గ్యాస్ డబ్బు దండగయ్యాక, కేబుల్ సరిచేస్తే నయమైంది.

బెజవాడ ఏసీ పని

మంచి మాట అడిగారు. ఏసీ సంగతి కాదు గానీ, ఇంకొకటి కూడా చూడండి. మన ఎండలకని కొందరు మెకానిక్‌లు ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తీసి పారేస్తారు. ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, మైలేజీ పడిపోతుంది, డిసెంబరులో లంబసింగి వెళ్తే హీటర్ పెట్టినా అద్దం మీద ఆవిరి పోదు. అది తీసేసి ఉంటే మళ్లీ పెట్టించుకోండి.

గుంటూరు పాతబండి

పది రోజుల తర్వాత రాస్తున్నాను. ఫ్యాన్ బాగానే ఉంది. హీటర్ రేకు కూడా పూర్తిగా మూసుకోవడం లేదని తేలింది. నైట్రోజన్ పెట్టి రాత్రంతా ఉంచారు, 150 నుంచి 95కి దిగింది. బయటి జాయింట్లలో ఏమీ లేదు. కాయిల్‌ను విడిగా పరీక్షిస్తే అక్కడే దిగుతోంది. చివరికి ఆ "అనుభవం" అన్నవాళ్ల మాటే నిజమైంది. అయినా నా కళ్లతో గేజి చూశాక, ఖర్చు పెడుతున్నానన్న దిగులు లేదు. శుక్రవారం విప్పుతున్నారు. డాష్‌బోర్డ్ ఎలాగూ తీస్తున్నారు కాబట్టి హీటర్ రేకు కూడా అప్పుడే చేయిస్తాను.

బెజవాడ ఏసీ పని

డ్రయ్యర్, కాయిల్‌లోకి గ్యాస్‌ను కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా కొత్తవి వేయించండి. పాత డ్రయ్యర్ తేమ పీల్చేసి ఉంటుంది. లోపలి గాలి, తేమ లాగేసే వాక్యూమ్ కనీసం అరగంట కొట్టమనండి, తొందరపెట్టవద్దు.

నల్గొండ డ్రైవర్

సరే అన్నా, విప్పించాలనే అనుకున్నారు కాబట్టి చెబుతున్నాను. శుక్రవారం పని మానుకుని పక్కనే ఉండండి. ప్రతి స్క్రూ తీసేముందు ఫోన్‌లో ఫోటో తీయండి. డజను క్లిప్పులు ముందే కొని చేతిలో పెట్టుకోండి. ఎండలో కాకుండా నీడలో విప్పమనండి. అయ్యాక గతుకుల రోడ్డు మీద ఒక రౌండ్ వేసి, కిర్రు చప్పుడు లేదనుకున్నాకే డబ్బు ఇవ్వండి.