సమస్య: “గోడలేని యింటఁ గొలువుదీరె” (అక్టోబరు 1 పూరణలు, కర్నూలు)

బురుజు (సమస్య ఇచ్చినవారు), ఉదయం 5.50

అందరికీ నమస్కారం. ఒకటో తేదీ పద్ధతి తెలిసిందే కదా. పూరణలో ఎక్కడో ఒకచోట అక్టోబరు 1న జరిగిన సంగతో, ఆ రోజు పుట్టిన మనిషో కనబడాలి. పాదం ఆటవెలదిది, నాలుగోది; పైమూడు పాదాలు మీరు కట్టాలి:

గోడలేని యింటఁ గొలువుదీరె

గోడలేనిది ఇల్లెట్లా అయింది, అందులో కొలువేంది అన్నదే చిక్కు. ఆ చిక్కు విప్పండి. ఊరికే తేదీ ఇరికించి పాదం అతికిస్తే అది క్యాలెండరు వెనక అట్ట, పూరణ కాదు. ఐదు సూర్యగణాలు (గురువు-లఘువో, మూడు లఘువులో), యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత అక్షరం) నేను కుదిర్చే ఇచ్చినాను, మీరు చెడగొట్టకుంటే చాలు. కర్నూలోళ్ళకు ఈ పాదం మరీ సులువు. అందుకే ఊరివాళ్ళ పద్యాలు ఒక మెట్టు గట్టిగా చూస్తా.

ఆదోని పత్తి, 6.25

సులువన్నారు గాబట్టి సులువుదే ముందు పెడతాండా సార్.

గుడ్డ కప్పు, తాడు, గూటములె పునాది,
కొత్త రాష్ట్రమునకుఁ గోట యదియె;
మున్నెఱుగని వింత! ముదుసలి కేసరి
గోడలేని యింటఁ గొలువుదీరె.

1953లో కర్నూలు రాజధాని అయినప్పుడు ఆఫీసులకు కట్టడాలు చాలక డేరాలు వేసినారు గదా, అదే. ముదుసలి కేసరి అంటే ప్రకాశం పంతులు. 1872లో పుట్టినాయన, ముఖ్యమంత్రి అయ్యేనాటికి 81 నిండినాయ్. ఇప్పుడు అక్టోబరు 1ని ఐక్యరాజ్యసమితి వృద్ధుల దినం అంటాంది, అది వేరే సంగతి. మా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లా వదిలి ఆంధ్రలో కలిసింది గూడా ఆ పొద్దే. మాకు డబల్ పండగ.

యతిభంగం, 6.40

గణాలు సరే, యతులు సరే. కానీ అన్నా, కేసరి అంటే సింహం. సింహాన్ని డేరాలో కూచోబెడితే నాకు సర్కసు గుర్తొస్తాంది.

బురుజు, 6.52

సర్కసు మాట పక్కన పెట్టు. “గూటములె పునాది” అన్నది ఈ పద్యానికి ప్రాణం. డేరా మేకును గూటం అనడం ఇప్పటి పిల్లలకు తెలీదు. లోపమల్లా మూడో పాదంలో ఉంది. “మున్నెఱుగని వింత” అని నువ్వే చెప్పేస్తే చదివేవాడు వింతపడటానికి ఏం మిగిల్చినావ్? ఆ చోటు ఇంకో గూటానికి ఇచ్చి ఉంటే బాగుండేది.

నూనూగు మీసం, 7.15

అందరికీ నమస్తే. ఇది నా మూడో ఆటవెలది. కొట్టొద్దు.

ఆంధ్రప్రదేశమై యవతరించిన నాడు
పుట్ట పగిలినట్లు పురము నిండె;
నెహ్రు వచ్చె, జనుల నెమ్మనంబులె వేది,
గోడలేని యింటఁ గొలువుదీరె.

యతిభంగం, 7.18

మొదటి గణమే కూలింది.

నూనూగు మీసం, 7.19

ఎట్లా అన్నా? “ఆంధ్ర” గురువు, లఘువు. హగణం కదా?

యతిభంగం, 7.27

విడిగా ఉంటే హగణమే. నువ్వు వెనకాలే “ప్ర” తగిలించినావ్. ఆంధ్రప్రదేశము ఒకే సమాసం. సమాసంలో సంయుక్తాక్షరం ముందున్న “ధ్ర” గురువైపోతుంది. గట్టిగా చదువు, ఆంధ్రప్-ప్రదేశ్ అని నాలుక తగుల్తుంది. రెండు గురువులు పక్కపక్కన పడితే సూర్యగణం ఎక్కడిది?

బురుజు, 7.45

నాయనా, గణం ఒక్కటే కాదు, చరిత్ర కూడా అక్కడే తప్పింది. అక్టోబరు 1న పుట్టింది ఆంధ్రప్రదేశ్ కాదు, ఆంధ్ర రాష్ట్రం. మద్రాసు రాష్ట్రం నుంచి పదకొండు జిల్లాలు విడిపోయి ఏర్పడింది అది. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15 రాత్రి ప్రాణం వదిలితే, నాలుగు రోజులకు, 19న, నెహ్రూ గారు రాష్ట్రం ఇస్తామని ప్రకటించినారు. తర్వాతి అక్టోబరు 1న ఆయనే కర్నూలు వచ్చి ప్రారంభించినారు. తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది 1956 నవంబరు 1న. ఈ రెండు తేదీలు కలిపేసేవాళ్ళు మన ఊళ్ళోనే బోలెడు మంది, నీకొక్కడికే సిగ్గు అక్కర్లేదు. ఇప్పుడు ఇట్లా చదువు:

ఆంధ్ర రాష్ట్ర మనుచు నవతరించిన నాడు

ఆంధ్ర, రాష్ట్ర, మనుచు: మూడు సూర్యగణాలు. నవతరిం, చిననాడు: రెండు ఇంద్రగణాలు. ఆ-అ యతి. తేదీ సరిచేస్తే ఛందస్సు దానంతటదే సరయింది. ఇట్లాంటిది నాకూ ఏడాదికి ఒకసారి కూడా దొరకదు.

పుట్ట పగిలినట్లు పురం నిండటం బాగుంది, నీ సొంతం. మనసుకు గోడలుండవు అనడం మాత్రం పాత చింతకాయ పచ్చడి.

నూనూగు మీసం, 7.50

పచ్చడి ఒప్పుకుంటా సార్. గణం మా తెలుగు సార్‌కు చూపించి పంపినా. ఆయనా పట్టలేదు.

బురుజు, 7.51

ఆ మాట ఇక్కడ రాయకుండా ఉండాల్సింది.

అర్ధణా, 8.30

నేను తపాలా శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి దిగినవాణ్ణి, నాకు ఈ తేదీ అంటే ఒకటే గుర్తు.

అర్ధణాకు రాణి యంచెలఁ దిరుగాడె,
నీలిరంగునందు నిలిచి మురిసి;
కత్తిరించినంతఁ గాగితంబే కోట,
గోడలేని యింటఁ గొలువుదీరె.

1854 అక్టోబరు 1న దేశమంతటికీ ఒకే టపా రేటు వచ్చింది. దూరంతో పని లేదు, బరువే లెక్క. పావు తులం ఉత్తరానికి అర్ధణా. ఆ అర్ధణా స్టాంపు నీలిరంగు, మీద విక్టోరియా రాణి తల. అప్పటి స్టాంపులకు చుట్టూ చిల్లులుండవు, కత్తెరతో కోసుకోవాల్సిందే. అంచె అంటే టపా మనిషి పరుగెత్తే మజిలీ.

బురుజు, 8.48

డేరాల ఊళ్ళో కూచుని డేరా ఊసెత్తకుండా పూరించినారు, ముందు దానికి దండం. కోట అని ఒక చేత్తో ఇచ్చి గోడ లేదని ఇంకో చేత్తో లాక్కున్నారు. కాగితానికి అంచే గాని గోడ ఉండదు కాబట్టి చిక్కు నిజంగానే విడింది. “అంచెలఁ దిరుగాడె” దగ్గర ఒక్క అనుమానం: రాణి తిరుగుతూ కొలువెట్లా తీరింది?

అర్ధణా, 8.55

కొలువుతోనే తిరిగింది సార్. అదే మా డిపార్ట్‌మెంటు గొప్ప.

ఎర్ర సిరా, 9.10

1949 అక్టోబరు 1న మావో పెకింగులో చైనా ప్రజా గణతంత్రం ప్రకటించినాడు. గోడకు పేరుబడ్డ దేశం గాబట్టి విరోధం బాగుంటుందని రెండు పాదాలు రాసుకున్నా...

యతిభంగం, 9.12

ఆయన నిలబడిన తియానన్మెన్ అంటేనే కోటగోడ ద్వారం. గోడెక్కిన మనిషిని గోడలేని ఇంట్లో ఎట్లా దింపుతావప్పా?

ఎర్ర సిరా, 9.13

వాపసు.

చెక్‌పోస్టు కోడలు, 10.40

మా పుట్టినిల్లు మదనపల్లె, మెట్టినిల్లు కర్నూలు నంద్యాల చెక్‌పోస్టు. పని తెమిలేసరికి ఈ వేళయింది.

ఊడ లూడ లూని యొక మఱ్ఱి నిలువంగ
నాకు కప్పు నీడ ననిబిసెంటు
పుట్టినిల్లు విడిచి పొరుగు మట్టికి వచ్చి
గోడలేని యింటఁ గొలువుదీరె.

అనిబిసెంట్ పుట్టింది 1847 అక్టోబరు 1న, లండన్‌లో. మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజం వాళ్ళ పెద్ద మర్రి కింద ఆమె ఉపన్యాసాలు జరిగేవి. మా మదనపల్లెలో 1915లో కాలేజీ పెట్టించింది కూడా ఆమే. 1919లో టాగూరు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఆ కాలేజీలోనే. పద్యంలో ఇదంతా పట్టలేదు.

హోమియో మాత్ర, 10.52

అక్కా, “నాకు కప్పు నీడ” అని చదివి ఎవరికో కాఫీ కప్పు అనుకున్నా.

బురుజు, 11.05

నిలువంగన్, ఆకు: సంధి చేస్తే “నాకు” అనే అవుతుంది. తప్పు లేదు. కానీ నిజమే, నాకూ ఒక్క క్షణం కాఫీ వాసన వచ్చింది. మొదటి పాదం మాత్రం తీసిపారేసేది కాదు. ఆ చెట్టు మొదలు 1989 గాలివానకు కూలింది, ఊడలే చెట్టును నిలబెట్టినాయి. “ఊడ లూడ లూని” అన్నది వర్ణన కాదు, ఉన్న మాట. ఊ-ఒ యతి కొత్తవాళ్ళు గమనించండి, ఉ ఊ ఒ ఓ నాలుగూ ఒకదానికొకటి చుట్టాలే. రెండో పాదం మార్చమ్మా.

చెక్‌పోస్టు కోడలు, 11.09

మార్చను సార్. ఆ కప్పు మీరే తాగండి.

హోమియో మాత్ర, 11.30

అల్లు రామలింగయ్య పుట్టింది కూడా ఈ రోజే, 1922లో, పాలకొల్లులో. నటుడే కాదు, హోమియో వైద్యుడు, అంటే మా కులదైవం.

పాలకొల్లు బిడ్డ పాత్రలో దిగెనేని
నవ్వు పంట పండు నాటకమున;
తెరలు రెండు చాలుఁ, దీయ మందును బోలి
గోడలేని యింటఁ గొలువుదీరె.

యతిభంగం, 11.44

నాటక రంగాన్ని గోడలేని ఇల్లనడం బాగుంది. తీయ మందు ఇంకా బాగుంది, చక్కెర మాత్రలు కదా. కాలాలే కొట్టుకుంటాన్నాయి. “దిగెనేని పండు” అంటే ఎప్పుడు దిగితే అప్పుడు పండుతుంది అని. తర్వాత ఒక్కసారిగా “కొలువుదీరె”. “పాత్రలో దిగినంత”, “పంట పండె” అని మార్చు. గణం కదలదు, కాలం కుదురుతుంది.

హోమియో మాత్ర, 11.46

మార్చేసినా. మీ డోసు తక్కువే గానీ బాగా పనిచేస్తాది.

వన్‌టౌన్ మనవరాలు, మధ్యాహ్నం 1.20

నాకు పాదం కంటే పాదం ముందరి ఖాళీ నచ్చింది.

మిద్దె మీద జనము మిడతల దండాయె
నెహ్రుఁ గాంచఁ గోరి నెమకి నెమకి;
యవ్వ నాఁడు చంక నయ్య నుంచుక పిట్ట-
గోడలేని యింటఁ గొలువుదీరె!

మా అవ్వ చెప్పేది. నెహ్రూ వచ్చిన పొద్దు వన్‌టౌన్‌లో ఏ మిద్దె చూసినా జనమే. మా మిద్దెకు పిట్టగోడ లేదు. తాత కింద నుంచి “దిగవే, పడతావే” అని అరుస్తాంటే, మా నాయన్ను చంకనేసుకొని అంచునే నిలబడిందంట. “చూసినావా అవ్వా?” అంటే, “టోపీ చూసినా” అనేది.

యతిభంగం, 1.31

నేను మూడుసార్లు చదివినా. తప్పు దొరకలేదు. ఈ రోజుకు ఇది చాలు.

బురుజు, 1.50

గోడ నేనిస్తే పిట్టగోడ చేసింది. సమస్యను పాదంలో విప్పేవాళ్ళు కొందరు, పాదం ముందు ఒక్క మాట చేర్చి సమస్యే లేకుండా చేసేవాళ్ళు కొందరు. రెండోది పాత అవధానుల చమత్కారం. ఇందులో చమత్కారం వెనక మనిషి కూడా ఉంది. “టోపీ చూసినా” అన్నది పద్యంలోకి రానందుకు మాత్రం నాకు బాధగా ఉంది.

ఆదోని పత్తి, 2.05

మరి మీ పూరణ సార్?

బురుజు, 4.30

నాకు అప్పుడు ఊహ తెలీదు, విన్నదే.

గోడ లెత్తునపుడుఁ గొలువు హైదరబాదు
చేరె, డేరలన్ని చెదరిపోయె;
మాట నిల్చెఁ జూడు, మా యూరిలో నాఁడు
“గోడలేని యింటఁ గొలువుదీరె.”

మూడేళ్ళ ఒక నెల రాజధాని. హైకోర్టు గుంటూరుకు పోయింది, తర్వాత కొలువూ పోయింది.

యతిభంగం, 4.41

హైదరబాదా? రెండో దీర్ఘం ఎవరు మింగినారు సార్? పొద్దున నూనూగు మీసాన్ని ఒక్క “ప్ర”కు నిలబెట్టి కడిగినాం.

నూనూగు మీసం, 4.42

నేనేం అనలేదు సార్.

బురుజు, 4.55

తప్పే. “భాగ్యనగరి” అని రాస్తే గణానికి సరిపోతుంది, యతీ పోదు. రాత్రికి సరిచేస్తా. ఈలోగా రేపటిది పట్టుకోండి, రెండో తేదీ కాబట్టి:

గాంధితాత యలిగి కత్తి దూసె

ఎర్ర సిరా, 4.56

కత్తి అంటే కలం...

బురుజు, 4.57

కలం అన్నవాళ్ళ పద్యం చదవను.