ఛాతీ నొప్పి, మామూలుగా వచ్చిన మొదటి ఈసీజీ, ఆ తర్వాత జరిగినవి: మీ అనుభవాలు తెలుపగలరు

తెనాలి వాసి

మా నాన్నగారికి 61 ఏళ్లు. షుగరు, బీపీ ఉన్నాయి, సిగరెట్టు అలవాటు ఇంకా పోలేదు. గత నెల ఒక రాత్రి భోజనమైన గంటకు ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్లుగా ఉందన్నారు. సాయంత్రం తిన్న మిరపకాయ బజ్జీల వల్ల వచ్చిన గ్యాసేనని ఆయనే తేల్చేసి, సోడా తాగారు. త్రేన్పు వచ్చి నొప్పి తగ్గడంతో మేమూ నమ్మాము. తెల్లవారుజామున నాలుగు గంటలకు బనియను పిండితే నీళ్లు కారేంత చెమటతో లేచి కూర్చున్నారు. దగ్గరలోని నర్సింగ్ హోములో ఈసీజీ తీసి, మామూలుగానే ఉందని చెప్పి, గ్యాసుకు ఒక ఇంజక్షను ఇచ్చి ఇంటికి పంపారు.

మధ్యాహ్నానికి నొప్పి తిరిగి వస్తే గుంటూరులో మరొక ఆసుపత్రికి తీసుకువెళ్లాము. అక్కడ ఈసీజీలో పెద్ద తేడా కనబడకపోయినా పంపించకుండా, రెండు గంటల తేడాతో రెండుసార్లు ట్రోపోనిన్ పరీక్ష (గుండె కండరం దెబ్బతిన్నదా అని చూసే రక్త పరీక్ష) చేశారు. మొదటిది కొద్దిగా ఎక్కువగాను, రెండవది దానికి నాలుగు రెట్లు పైగాను వచ్చాయి. యాంజియోగ్రామ్ తీసి ఒక స్టెంటు వేశారు. ఇంకొక రక్తనాళంలో 70 శాతం పూడిక ఉందని, దానికి కూడా కొద్ది వారాలలో స్టెంటు వేయాలని అంటున్నారు. ఉదయం మామూలుగా వచ్చిన ఈసీజీని ఎంతవరకు నమ్మవచ్చు? రెండవ స్టెంటు నిజంగా అవసరమా? ఈ దారిలో నడిచినవారు చెప్పగలరు.

ఖమ్మం ఈసీజీ టెక్నీషియన్

పదిహేనేళ్లుగా ఈసీజీలు తీస్తున్నాను. కాగితం మీదికి ఎక్కేది సుమారు పది సెకన్లపాటు గుండె చేసిన పని మాత్రమేనని చాలామందికి తెలియదు. నొప్పి వచ్చి పోతూ ఉన్నప్పుడు, అది లేని సమయంలో తీసిన ఈసీజీ చక్కగా కనిపించవచ్చు. ఒకసారి లారీ డ్రైవరు ఒకాయన వచ్చారు. ఎక్కడ నొప్పి అని అడిగితే వేలితో చూపకుండా పిడికిలి బిగించి రొమ్ము మీద పెట్టుకున్నారు. మొదటి ఈసీజీలో ఏమీ లేదు. డ్యూటీ డాక్టరుగారు ఆయనను మంచం దిగనివ్వలేదు. నేను చెమట తుడిచి, లీడ్లు (ఒంటికి అంటించే ఈసీజీ తీగలు) పెట్టిన చోట్ల పెన్నుతో గుర్తులు పెట్టాను, ఎందుకంటే రెండవసారి లీడు ఒక అంగుళం జరిగినా గీత మారుతుంది, అప్పుడు ఆ మార్పు గుండెదో మన చేతిదో తెలియదు. ఇరవై నిమిషాలకు తీసిన రెండవ ఈసీజీలో ఎస్‌టీ అనే గీత భాగం స్పష్టంగా పైకి లేచింది, అది పెద్ద గుండెపోటుకు గుర్తు.

గుండె వెనుక గోడకు దెబ్బ తగిలితే మామూలు పన్నెండు లీడ్లలో సరిగా దొరకకపోవచ్చు. అందుకు ఎడమ చంక వెనుక నుండి వీపు వైపుగా వీ7, వీ8, వీ9 అని మరో మూడు చోట్ల పెట్టి చూడాలి. రద్దీ రోజున ఆ శ్రమ తీసుకునేవారు తక్కువే, నాతో సహా.

హైదరాబాద్ ఎమర్జెన్సీ వైద్యుడు

రోగిని చూడకుండా ఇక్కడ ఎవరికీ చికిత్స చెప్పను. పరిశోధనలు ఏం తేల్చాయో మాత్రం చెప్పగలను.

సోడాతో తగ్గింది కనుక గ్యాసు అనుకోవడం ఇళ్లలోనే కాదు, ఆసుపత్రులలోనూ జరిగే పొరపాటే. దీనికి జోడీగా మరొక నమ్మకం ఉంది: నాలుక కింద పెట్టే నైట్రోగ్లిజరిన్ బిళ్లతో నొప్పి తగ్గితే అది గుండె నొప్పేనని. 2003లో అమెరికాలో 459 మంది ఛాతీ నొప్పి రోగులను పరిశీలించినప్పుడు, గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారిలో 35 శాతం మందికి, లేనివారిలో 41 శాతం మందికి ఆ మందుతో ఉపశమనం కలిగినట్లు తేలింది. మందుకు నొప్పి లొంగిన తీరును బట్టి జబ్బును నిర్ణయించరాదని మేము జూనియర్లకు చెప్పేది ఇందుకే.

ట్రోపోనిన్ గుండె కండరంలో ఉండే ప్రోటీను. కండరం దెబ్బతిన్నప్పుడు అది రక్తంలోకి చేరుతుంది, కాని కొలతకు అందడానికి సమయం పడుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఏ గుండెపోటూ లేకుండానే ఎప్పుడూ కొంత ఎక్కువగా ఉండవచ్చు. అందువల్ల ఒక్క అంకె కన్నా రెండు అంకెల మధ్య వచ్చిన మార్పు ముఖ్యం. ఇప్పటి సున్నితమైన పరీక్షలతో ఒకటి నుండి మూడు గంటల తేడాలో రెండవ నమూనా తీస్తే చాలు. చిన్న ఊళ్లలో రెండు చుక్కల రక్తం వేసి గీత వస్తుందా రాదా అని చూసే కార్డు పరీక్ష వాడతారు. అది ఉందో లేదో చెబుతుంది, పెరుగుతున్నదో లేదో చెప్పలేదు.

నెదర్లాండ్స్ వైద్యులు 2008లో హార్ట్ స్కోరు అని ఒక పద్ధతిని ప్రతిపాదించారు. రోగి చెప్పిన లక్షణాలు, ఈసీజీ, వయసు, ముప్పు కారకాలు, ట్రోపోనిన్ అనే అయిదింటికి సున్నా నుండి రెండు వరకు మార్కులు వేస్తారు. మొత్తం మూడు లేదా అంతకు తక్కువైతే ముప్పు తక్కువ. ఇప్పుడు మీ నాన్నగారిని తీసుకోండి. బరువు, చెమట కలిసిన నొప్పికి రెండు, 61 ఏళ్లకు ఒకటి, షుగరు, బీపీ, సిగరెట్టు మూడూ ఉన్నందుకు రెండు. ఈసీజీకి, ట్రోపోనిన్‌కు సున్నా వేసినా అయిదు వచ్చింది. ఈసీజీ బాగున్నంత మాత్రాన ఉదయాన్నే ఇంటికి పంపదగిన మనిషి కారు.

వరంగల్ ఉపాధ్యాయిని

నాకు ఛాతీలో నొప్పి అంతగా లేదు. దవడ లాగడం, రెండు భుజాల మధ్య మంట, మెట్లెక్కితే ఆయాసం. టెన్షను తగ్గించుకోమని రెండుచోట్ల చెప్పి పంపారు. మూడవచోట లేడీ డాక్టరుగారు ఒక మాట అడిగారు: "పని చేస్తుంటే వస్తుందా, చేయకపోయినా వస్తుందా?" పనితోనే వస్తుందన్నాను. పరీక్షలన్నీ అక్కడి నుండే మొదలయ్యాయి. 2021లో అమెరికా హృద్రోగ సంఘాలు వెలువరించిన మార్గదర్శకాలలో, ఛాతీ నొప్పి అంటే ఛాతీకే పరిమితం కాదని, భుజాలు, చేతులు, మెడ, వీపు, దవడ, పొట్ట పైభాగంలోని ఇబ్బందిని కూడా అందులో చేర్చాలని రాశారట. అంతేకాక "అసాధారణ నొప్పి" (ఎటిపికల్) వంటి మాటను మానుకోమని, గుండెదా, గుండెది కావచ్చా, కాదా అని సూటిగా చెప్పమని సూచించారట. నా పాత చీటీలలో ఆ పనికిరాని మాటే ఉంది.

విశాఖ

ఇంట్లో నొప్పి వస్తే ఆస్పిరిన్ నమిలించవచ్చా?

విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు, అనంతపురం

గుండెపోటులో ఆస్పిరిన్ విలువను తేల్చిన ఐసిస్-2 అధ్యయనం గురించి తరగతిలో ఏటా చెప్పేవాడిని. 1988లో వచ్చింది, 17,187 మంది రోగులు. నెల రోజులు రోజుకు సుమారు 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, మొదటి అయిదు వారాలలో గుండె, రక్తనాళాల కారణంగా సంభవించే మరణాలు 23 శాతం తగ్గాయి. రక్తపు గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ కూడా కలిపితే 42 శాతం తగ్గాయి. రోగులను చిన్న చిన్న వర్గాలుగా విడదీసి ఫలితాలు చూపమని పత్రిక వారు కోరగా, పరిశోధకులు జన్మరాశుల వారీగా కూడా విడదీసి చూపారు. మిథున, తులా రాశుల వారికి ఆస్పిరిన్ పనిచేయలేదని వచ్చింది! అంకెలను ముక్కలు చేసుకుంటూ పోతే ఎంత అసంబద్ధమైన ఫలితమైనా పుడుతుందని చూపడమే వారి ఉద్దేశం. మా ఆవిడది తులారాశే, మాత్ర మాత్రం మానలేదు.

హైదరాబాద్ ఎమర్జెన్సీ వైద్యుడు

విశాఖ మిత్రులకు: ముందు 108కి ఫోను చేసి, మాత్ర సంగతి వారినే అడగండి. అలర్జీ, కడుపులో రక్తస్రావం ఉన్నవారికి అది ప్రమాదం. ఒక్కసారిగా చీల్చినట్లు మొదలై వీపులోకి పాకే నొప్పి మహాధమని (గుండె నుండి బయలుదేరే పెద్ద రక్తనాళం) చీలిక కావచ్చు, అప్పుడు ఆస్పిరిన్ కీడు చేస్తుంది.

న్యూజెర్సీ, స్వస్థలం రాజమండ్రి

రెండవ స్టెంటుకు తొందరపడవద్దని నా సలహా. మా అమ్మగారికి రెండేళ్లుగా మెట్లెక్కితే నొప్పి, కూర్చుంటే తగ్గేది. యాంజియోగ్రామ్‌లో 80 శాతం పూడిక చూపి, రెండు రోజులలో స్టెంటు వేయించుకోమన్నారు. నేను ఇస్కీమియా అధ్యయనం చదివి ఉన్నాను. 37 దేశాలలో 5,179 మందిపై జరిగిన ఆ పరిశోధన ప్రకారం, ముందుగానే స్టెంటో బైపాసో చేసినవారికి, మందులతో మొదలుపెట్టినవారికి మరణాలలో గాని, గుండెపోట్ల వంటి ప్రమాదాల మొత్తంలో గాని చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరొక డాక్టరుగారిని కలిశాము. మందులు సరిచేశాక అమ్మ ఇప్పుడు పుష్కర ఘాట్ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నారు.

హైదరాబాద్ ఎమర్జెన్సీ వైద్యుడు

మీ అమ్మగారి విషయంలో మీరు చేసింది సబబే. దానిని తెనాలి వారికి వర్తింపజేయడాన్ని మాత్రం ఒప్పుకోను. ఇస్కీమియాలో చేర్చుకున్నది జబ్బు నిలకడగా ఉన్నవారిని. అంతకు ముందు రెండు నెలలలో గుండెపోటు వంటిది వచ్చినవారిని చేర్చుకోలేదు. నిలకడ జబ్బులోనైనా స్టెంటు దండగని అనలేము. నొప్పి ఎక్కువగా ఉన్నవారికి అందులోనూ ఉపశమనం కనిపించింది. 2023లో బ్రిటన్ నుండి వచ్చిన ఆర్బిటా-2లో 301 మందిని తీసుకుని, కొందరికి స్టెంటు వేసి, కొందరికి వేసినట్లు నటించి పోల్చారు. స్టెంటు వేసినవారికే నొప్పి బాగా తగ్గింది.

గుండెపోటు తర్వాత మిగిలిన పూడికల సంగతి వేరు. 2019 నాటి కంప్లీట్ అధ్యయనంలో 4,041 మందిని సుమారు మూడేళ్లు గమనించారు. మిగిలిన పూడికలకూ స్టెంట్లు వేసినవారిలో గుండె సంబంధిత మరణం లేదా మరో గుండెపోటు 7.8 శాతం, వేయనివారిలో 10.5 శాతం. అయితే అందులో ఉన్నవారంతా ఎస్‌టీ భాగం పైకి లేచిన పెద్ద గుండెపోటు రోగులు, మీ నాన్నగారిది ఆ రకం కాదు. కనుక "ఈ పూడిక వల్ల రక్తప్రసారం నిజంగా తగ్గుతున్నదా, రక్తనాళంలోకి పంపే పీడనపు తీగతో కొలిచి చూస్తారా" అని మీ కార్డియాలజిస్టును అడగండి.

తెనాలి వాసి

అందరికీ కృతజ్ఞతలు. అడిగాము. కొలిస్తే ప్రసారం తగ్గినట్లే వచ్చింది కనుక నిన్న రెండవ స్టెంటు వేశారు. నాన్నగారు బాగున్నారు. మొదటిసారి మాత్రం గ్యాసే అని ఇప్పటికీ వాదిస్తున్నారు.

ఇంకొక విషయం. పోల్చడానికి రెండేళ్ల కిందటి ఈసీజీ తెమ్మంటే బీరువాలో నుండి తీశాము. కాగితం తెల్లగా ఉంది, గీతలన్నీ చెరిగిపోయాయి.

ఖమ్మం ఈసీజీ టెక్నీషియన్

అది వేడితో అచ్చయ్యే కాగితమండి, ఎండకు, ప్లాస్టిక్ కవరుకు త్వరగా వెలిసిపోతుంది. నిన్నటిదాన్ని ఈరోజే జిరాక్సు తీయించి, ఫోనులో కూడా ఫోటో తీసి ఉంచండి.