ఉద్దానం కిడ్నీ రోగుల్లో ఫేజ్ కాంట్రాస్ట్ ఎంఆర్ఐ: ఏ కొలతను నమ్మాలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి స్కానింగ్‌కు వచ్చే కిడ్నీ రోగుల్లో చాలామందికి జీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 30 లోపే. గాడోలినియం (ఎంఆర్ఐలో ఎక్కించే కాంట్రాస్ట్ మందు) ఇవ్వడానికి వెనకాడుతున్నాం కాబట్టి, రీనల్ ఆర్టరీల్లో (కిడ్నీ ధమనుల్లో) రక్తప్రవాహాన్ని ఫేజ్ కాంట్రాస్ట్‌తో, అంటే మందు లేకుండా రక్తం వేగాన్ని సిగ్నల్ ఫేజ్ నుంచి లెక్కించే పద్ధతితో, కొలుస్తున్నాం.

మా సెట్టింగులు: 1.5 టెస్లా, వెన్క్ (కొలవగల గరిష్ఠ వేగం) సెకనుకు 100 సెం.మీ., పిక్సెల్ 1.2 మి.మీ., స్లైస్ 5 మి.మీ., టీఆర్ (పల్సుల మధ్య వ్యవధి) 5 మిల్లీసెకన్లు, సెగ్మెంటుకు (ఒక్కో గుండె చప్పుడుకు) 6 డేటా లైన్లు. 192 లైన్లకు ప్యారలల్ ఇమేజింగ్ 2 (సగం లైన్లే తీయడం) పెడితే 16 గుండె చప్పుళ్లు, అంటే దాదాపు 13 సెకన్లు. పెద్దవయసువాళ్లు అంతకుమించి ఊపిరి బిగపట్టలేరు, పాపం.

చిక్కేమిటంటే, అయోర్టాలో (గుండె నుంచి వచ్చే ప్రధాన ధమనిలో) రీనల్ ఆర్టరీలకు పైన (పేగులకు వెళ్లే ఎస్‌ఎంఏ ధమనికి కింద), కింద కొలిచిన ప్రవాహాల తేడా, రెండు రీనల్ ఆర్టరీల మొత్తానికి సరిపోవడం లేదు. ఎలియాసింగ్ (వేగం వెన్క్‌ను దాటి తప్పుగా కనిపించడం) లేదు. కాంట్రాస్ట్ లేని యాంజియోలో అదనపు రీనల్ ఆర్టరీ కనిపించలేదు.

నా అనుమానం బ్యాక్‌గ్రౌండ్ ఫేజ్ మీద, అంటే కదలని చోట కూడా వేగం ఉన్నట్టు చూపే తప్పు మీద. సెకనుకు 1 సెం.మీ. తప్పు ఉన్నా, 3 చదరపు సెం.మీ. అయోర్టాలో అది నిమిషానికి 180 మి.లీ. అవుతుంది, 5 మి.మీ. రీనల్ ఆర్టరీలో 12 మి.లీ. మాత్రమే. అందుకే రీనల్ కొలతనే నమ్మాలనిపిస్తోంది. కానీ అంత చిన్న నాళంలో అడ్డంగా నాలుగే పిక్సెళ్లు. అంచు పిక్సెళ్లు ప్రవాహాన్ని ఎక్కువ చేసి చూపిస్తాయి.

దీన్ని సరిచేసినవాళ్లు దయచేసి చెప్పండి: అదే కోణం, అదే గ్రేడియంట్లతో జెల్ ఫాంటమ్‌ను (కదలని జెల్ నింపిన నమూనాను) స్కాన్ చేసి, అందులో కనిపించిన తప్పును రోగి కొలతలోంచి తీసివేయడం మేలా, లేక వెన్నెముక పక్కనుండే సోయస్ కండరం మీద లీనియర్ ఫిట్ (తప్పును సరళరేఖగా అంచనా వేయడం) చాలా? ఫ్రేమ్ బయట ఉన్న చేతులు ఫోల్డ్‌ఓవర్‌గా ఇమేజ్‌లోకి వస్తే ఫిట్ చెడిపోతోంది. ఫాంటమ్ ప్రతి రోగికీ తీయాలా?