ఈ వారం సమస్య: చచ్చినట్టివాఁడు సాక్ష్యమిచ్చె

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, మిగతా మూడు పాదాలూ మీరు రాసి దానికి అర్థం కుదర్చాలి. పురాణాలూ భేతాళ కథలూ వద్దు. పోలీసు దర్యాప్తు, కోర్టు వాదన ఈ రెండిటి మధ్యే పూరణ ఉండాలి. మన గుంపులో ఒక రిటైర్డ్ ఎస్సై గారూ, విజయవాడ వకీలు గారూ ఉన్నారు. కాబట్టి ఛందస్సు తప్పితే మాస్టారు పట్టుకుంటారు, చట్టం తప్పితే వీళ్లు పట్టుకుంటారు.

కాకినాడ సోదరి పూరణ:

ప్రాణముండగానె పలికిన మాటలు
న్యాయమూర్తి కలము నచటె పట్టె;
కాటి కేగినంత కాగిత మది పల్కె;
చచ్చినట్టివాఁడు సాక్ష్యమిచ్చె.

తణుకు మాస్టారు: మాటల్ని కలం పట్టుకోవడం బాగుందమ్మా. కానీ "కలము నచటె" కుదరదు. ఇక్కడ కలము కర్త, ప్రథమావిభక్తి. అది కళ, అంటే దాని చివర ద్రుతం (న-కారం) లేదు. మరి ఆ "న" ఎక్కడినుంచి వచ్చింది? "న్యాయమూర్తి కలమె నాడు పట్టె" అనండి, యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) నిలుస్తుంది.

వకీలు గారు: మరణ వాంగ్మూలం, అంటే చనిపోయే ముందు మనిషి చెప్పిన మాట, తీసుకునేది సాధారణంగా మేజిస్ట్రేటు. న్యాయమూర్తి అంటే జనం హైకోర్టు అనుకుంటారు, అయినా పద్యానికి ఆ మాత్రం స్వేచ్ఛ ఇద్దాం. రోగి స్పృహలో ఉన్నాడని డాక్టరు సర్టిఫికెట్ లేకపోతే వాంగ్మూలం చెల్లదని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ లేదని 2002లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. రాసుకున్న మేజిస్ట్రేటుకి నమ్మకం కుదిరితే చాలు. నమ్మదగినదైతే ఆ వాంగ్మూలం ఒక్కదాని మీదే శిక్ష వేయొచ్చని 1957 నుంచీ ఉన్న మాటే.

పిఠాపురం మిత్రుడి పూరణ:

బండిలోన పెట్టె, భార్యతో నొక మాట
"పోయి వత్తు సొమ్ము పొంది" యనుచు;
లార్డులున్నయట్టి లండను కోర్టెక్కి
చచ్చినట్టివాఁడు సాక్ష్యమిచ్చె.

అనంతపురం సభ్యుడు: లండనెందుకండీ? పెట్టెలో ఏముంది? నాకు ముడి విడలేదు.

పిఠాపురం మిత్రుడు: ఇది మా ఊరి కేసే. పాకాల నారాయణస్వామి కేసు అంటే లా చదివినవాళ్లందరికీ తెలుసు. 1937 మార్చి 23న పూరీ స్టేషన్లో, రైలు మూడో తరగతి పెట్టెలో, ఎవరూ దించుకోని ఒక ట్రంకు పెట్టె దొరికింది. తెరిస్తే ఏడు ముక్కలుగా నరికిన శవం. చనిపోయింది పిఠాపురం దివాను గారి దగ్గర పనిచేసిన ఒక ప్యూను. దివాను గారి కూతురికి కొంత సొమ్ము వడ్డీకి ఇచ్చి ఉన్నాడు. ఆవిడ భర్తే ముద్దాయి, కాపురం బరంపురంలో. "ఉత్తరం వచ్చింది, బాకీ తీసుకోవడానికి బరంపురం వెళ్తున్నా" అని ప్యూను భార్యతో చెప్పి బయల్దేరాడు. ఆ ఒక్క మాటే ఈ పద్యం.

వకీలు గారు: భలే కేసు పట్టుకొచ్చారు! దీంట్లో అసలు తిరకాసు వేరే ఉంది. ఆ మాట అన్నప్పుడు అతనికి ఒంటిమీద చిన్న గాయం కూడా లేదు, చావు భయం అసలే లేదు. ఆనాటి ఇంగ్లండు చట్టమైతే దాన్ని మరణ వాంగ్మూలంగా ఒప్పుకునేది కాదు. అప్పటి మన సాక్ష్య చట్టం 32వ సెక్షన్ మాత్రం చావుకు దారితీసిన పరిస్థితుల గురించి చనిపోయినవాడు చెప్పింది ఏదైనా తీసుకోవచ్చంది. 1939 జనవరిలో, అప్పట్లో మన కేసులకు లండన్లో ఉన్న చివరి అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్లో, జడ్జి లార్డ్ అట్కిన్ ఆ మాటనే నిలబెట్టాడు. అదే తీర్పులో, ముద్దాయి అరెస్టుకు ముందు పోలీసులకు చెప్పిన మాటల్ని మాత్రం పక్కన పెట్టేశాడు. అంటే బతికున్నవాడు పోలీసులకు చెప్పింది చెల్లలేదు, చచ్చినవాడు పెళ్లాంతో చెప్పింది చెల్లింది. మిగతా సాక్ష్యం సరిపోవడంతో అప్పీలు కొట్టేశారు. మన సమస్యకి ఇంతకన్నా సరిగ్గా అతికే కేసు నాకు తట్టడం లేదు.

తణుకు మాస్టారు: కథ తెలిశాక పద్యం వెలిగింది, నిజమే. కానీ పద్యం తన కాళ్ల మీద తాను నిలబడాలి కదా! శవం మాట ఎక్కడా లేదు. "పెట్టెలోన శవము, భార్యతో నొక మాట" అందామంటే పె–భా యతి చెల్లదు, ఎత్వానికి ఆత్వం పొసగదు. అందుకే వదిలేసి ఉంటారు. "కోర్టెక్కి" మాత్రం అద్భుతం. అక్కడ "కోర్టులో" అని పెట్టి ఉంటే అతను లండన్ కోర్టులోనే ప్రాణం వదిలాడనుకునేవాళ్లం.

కొత్త సభ్యుడి పూరణ:

లాఠి దెబ్బ పడిన దొంగ నేరము నొప్పె
"చంపి గడ్డివామి చాటుగాను
కత్తి దాచితి" నని, కడు దెబ్బలనుఁ దిని
చచ్చినట్టివాఁడు సాక్ష్యమిచ్చె.

తణుకు మాస్టారు: స్వాగతం తమ్ముడూ. మొదటి పాదంలో లా–దొ యతి లేదు. "లాఠి దెబ్బ పడగ లక్షణముగ నొప్పె" అంటే గణాలూ సరిపోతాయి, కాస్త వెటకారమూ పలుకుతుంది. మిగతా పాదాల్లో గణాలూ యతులూ శుభ్రంగా ఉన్నాయి.

వకీలు గారు: ఛందస్సు బాగుపడింది, కేసు మాత్రం పోయింది. పోలీసుకి చెప్పిన నేరాంగీకారం ముద్దాయి మీద వాడటానికి వీల్లేదు. పాత చట్టంలో 25వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 23. పైగా ఇచ్చినవాడు ముద్దాయి, సాక్షి కాదు.

రిటైర్డ్ ఎస్సై: వకీలు గారూ, తొందరపడకండి. పద్యంలో గడ్డివామి ఉంది, చూశారా? పిల్లవాడు తెలిసి రాశాడో తెలియక రాశాడో గానీ, అక్కడే కేసు బతుకుతుంది. పులుకూరి కోటయ్య కేసు మీకు నేను చెప్పాలా! మన గుంటూరు సెషన్స్ నుంచి వెళ్లిన కేసు, బల్లెమూ కర్రా గడ్డివామిలో దాచానన్న మాటే అందులోనూ ఉంది. ముద్దాయి చెప్పినదాన్ని బట్టి ఏదైనా బయటపడితే, ఆ బయటపడినంత వరకూ అతని మాట తీసుకోవచ్చు.

వకీలు గారు: ఒప్పుకున్నాను. అయితే ఆ తీర్పు పోలీసులకు తలుపు ఎంత తెరిచిందో అంతకన్నా ఎక్కువ మూసింది. "మా ఇంటి కప్పులో దాచిన కత్తి తీసిస్తాను" అని ముద్దాయి అంటే, బయటపడింది కత్తి కాదట, కత్తులు లోకంలో ఎప్పుడో బయటపడ్డాయట! ఆ ఇంట్లో కత్తి దాచి ఉందనీ, ఆ సంగతి ఇతనికి తెలుసనీ మాత్రమే బయటపడిందట. "దానితోనే పొడిచాను" అన్న ముక్క కోర్టు ముందుకు రాకూడదు. కాబట్టి తమ్ముడి పద్యంలో "చంపి" అన్న ఒక్క మాట కొట్టేసి, మిగతాది జడ్జి చదువుకుంటాడు.

రిటైర్డ్ ఎస్సై: అందుకే పంచనామా (దొరికినవాటిని సాక్షుల ముందు నమోదు చేసే కాగితం) రాసేటప్పుడు మేం ఒక్కో మాటకీ టెన్షన్ పడేవాళ్లం. ఎంత జాగ్రత్తగా రాసినా, ఆ ఇద్దరు సాక్షుల్లో, అదే పంచుల్లో, ఒకడు కోర్టులో "నాకేం తెలియదు, స్టేషన్లో సంతకం పెట్టమన్నారు, పెట్టాను" అంటాడు. పీపీ (ప్రభుత్వ వకీలు) గారు మా వైపు చూస్తారు, మేం సీలింగు వైపు చూస్తాం.

వరంగల్ సభ్యుడి పూరణ:

చూచినాడ ననుచు సొంపుగాఁ బల్కెను;
చీకటమవసందు చీమ నెట్లు
కంటి వనుచు నడుగ గాభరా, సిగ్గుతో
చచ్చినట్టివాఁడు సాక్ష్యమిచ్చె.

నిర్వాహకుడు: అమావాస్య చీకట్లో చీమ! ఈ వారం నన్ను నవ్వించింది ఇదే.

తణుకు మాస్టారు: నవ్వాను కానీ మార్కు తగ్గిస్తాను. "సిగ్గుతో" తర్వాత ద్రుతం ఉంది, దాంతో చ కాస్తా జ అయి "సిగ్గుతోఁ జచ్చిన" అవ్వాలి. ఇచ్చిన పాదం మొదట్లో చ ఉంది, దాన్ని మార్చే హక్కు మనకు లేదు. "గాభరై సిగ్గిల్లి" అంటే గొడవ ఉండదు.

వకీలు గారు: ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించే క్రాస్‌లో "ఎట్లు కంటివి" అని ఏ లాయరూ అడగడండి. అడిగితే సాక్షి ఓ టార్చిలైటు కథ చెప్తాడు. "ఆ రాత్రి అమావాస్య, అవునా? వీధి దీపం లేదు, అవునా?" అని అవునుల మీద అవునులు రాబట్టి కూర్చుంటారు.

డాలస్ సభ్యురాలి పూరణ:

కాటి కెవడు పోవు? కనులారఁ గన్నట్టి
వాడు కోర్టులోకి వచ్చి యేమి
చేసె? నడుగ వరుసఁ జెప్పెద వినుడయ్య:
చచ్చినట్టివాఁడు, సాక్ష్యమిచ్చె.

తణుకు మాస్టారు: క్రమాలంకారం (అడిగిన ప్రశ్నలకు అదే వరుసలో జవాబులు), ఒక్క దోషం లేదు. కానీ ఇది ఏ సమస్యకైనా పట్టే మారుతాళం చెవి అమ్మా. అవతల ముడి విప్పడానికి అందరూ చెమటోడుస్తుంటే మీరు పక్క తలుపులోంచి వచ్చేశారు.

నిర్వాహకుడు: నా ఓటు కూడా అంతే. చివరగా రాజమండ్రి డాక్టరు గారి పూరణ:

నీట మునిగె ననిరి; నిపుణుఁడౌ వైద్యుండు
కంఠమందుఁ జూచెఁ గమిలినట్టి
గుర్తు, నోరు లేక గుట్టునుఁ దా విప్పి
చచ్చినట్టివాఁడు సాక్ష్యమిచ్చె.

రిటైర్డ్ ఎస్సై: చంపి నీళ్లలో పడేయడం మేం చాలా చూశాం. డాక్టరు సరిగ్గా చూడకపోతే ఆత్మహత్య అని మూసేయాల్సిందే.

వకీలు గారు: పోస్ట్‌మార్టం రిపోర్టు ఫైల్లో ఉన్నంత మాత్రాన చాలదు, మామూలుగా రాసిన డాక్టరు బోనెక్కి చెప్పాలి. పద్యంలో డాక్టరు గారు తనను తాను తప్పించుకున్నారు!

రాజమండ్రి డాక్టరు: సమన్లు అందుకుని పోయి, వాయిదా పడిందని తెలుసుకుని వెనక్కి రావడం మాకు అలవాటేనండి. అది పద్యంలో ఎందుకని వదిలేశాను.

నిర్వాహకుడు: ఈ వారం నా ఎంపిక పిఠాపురం పూరణే, మాస్టారు చెప్పిన లోటుతో సహా. వచ్చే వారానికి సమస్య, మళ్లీ ఆటవెలదే: "కుక్క బోను నెక్కి కూసె నిజము".

వకీలు గారు: పోలీసు కుక్కా? దాన్ని క్రాస్ ఎగ్జామిన్ చేయడం ఎలాగండీ?

తణుకు మాస్టారు: అది తర్వాత. కుక్క మొరుగుతుంది గానీ కూస్తుందా? ముందు నిర్వాహకులు జవాబు చెప్పాలి.