బడిలో లాక్‌డౌన్ డ్రిల్, శనివారం ప్లేడేట్, ఇంట్లో గన్ గొడవ: మీ అనుభవాలు చెప్పండి

ఫ్రిస్కో_అమ్మ
మా పాప ఈ ఏడాదే కిండర్‌గార్టెన్‌లో చేరింది. నిన్న బడి నుంచి వస్తూనే "అమ్మా, ఇవాళ లైట్లార్పి అందరం మూలకు కూర్చున్నాం. అందరికంటే చప్పుడు చేయకుండా కూర్చుంది నేనే, టీచర్ స్టిక్కర్ ఇచ్చింది" అని చూపించింది. ఎవడైనా తుపాకీతో బడిలోకొస్తే ఎలా దాక్కోవాలో నేర్పే లాక్‌డౌన్ డ్రిల్ అది. నాకు నోట మాట రాలేదు. వెలుగుల బూట్లు వేసి పంపొద్దని టీచర్ వారం క్రితమే చెప్పింది. చీకట్లో కనిపిస్తాయని అట. ఎందుకో అప్పుడు తట్టలేదు.

మీ పిల్లలు అడిగితే ఏం చెప్తున్నారు? శనివారం క్లాస్‌మేట్ వాళ్లింటికి ఆడుకోవడానికి పిలిచారు. మీ ఇంట్లో గన్ ఉందా అని వాళ్లమ్మను అడగొచ్చా, ఏమన్నా అనుకుంటారా? ఇంకో సంగతి, మావారు మనమూ ఒకటి కొందాం అంటున్నారు. మేమింకా హెచ్‌1బీ వర్క్ వీసా మీదే ఉన్నాం. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ప్లానో_వాసు
అలెన్ అవుట్‌లెట్ మాల్‌కి మేం నెలకోసారైనా వెళ్లేవాళ్లం. 2023 మే 6, శనివారం. ఆ రోజూ బయల్దేరాం, బాబుకి ఒళ్లు వెచ్చగా ఉందని ఆగిపోయాం. ఒకడు వచ్చి 8 మందిని కాల్చి చంపేశాడు. అందులో ఒకరు మన తెలుగమ్మాయి, ఇంజనీరు, షాపింగ్‌కని వెళ్లింది. ఆ మాల్ గడప నేనింకా తొక్కలేదు.

రెండు రోజుల తర్వాత ఆస్టిన్‌లో టెక్సస్ శాసనసభ కమిటీ, వాడు వాడిన ఏఆర్-15 లాంటి రైఫిల్ కొనే వయసును 18 నుంచి 21కి పెంచే బిల్లును 8-5 ఓట్లతో ముందుకు పంపింది. అంతకుముందు ఏడాది ఉవాల్డే బడి కాల్పుల్లో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు అక్కడే నిలబడి ఉన్నారు. అది చూసి ఏదో కదులుతుందని ఆశపడ్డాను. గడువులోపు సభ ముందుకే రాలేదు ఆ బిల్లు.

విస్కాన్సిన్_వేటగాడు
వాసు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ అలెన్‌లో కాల్చినవాడి వయసు 33. ఆ బిల్లు చట్టమైనా వాణ్ణి ఆపేది కాదు. వాణ్ణి ఆపింది వేరే పని మీద ఆ మాల్లో ఉన్న ఒక పోలీసు, దాదాపు 4 నిమిషాల్లో, తన తుపాకీతో.

నేను నవంబరులో జింకల సీజన్ 9 రోజులూ అడవిలో ఉండే మనిషిని, పన్నెండేళ్లుగా. హంటర్ సేఫ్టీ క్లాసుల్లో వాలంటీరుగా చెప్తాను. అందుకే అంటున్నా, మన గ్రూపుల్లో గన్ కంట్రోల్ మీద రాసేవాళ్లలో చాలామందికి తుపాకీ సంగతి తెలీదు. ఏఆర్ అంటే అసాల్ట్ రైఫిల్ కాదు, ఆర్మలైట్ అనే కంపెనీ పేరు. ఒక్కసారి నొక్కితే ఒక్క తూటానే వస్తుంది. మెషిన్ గన్ వేరు, 1986 తర్వాత తయారైనవి మామూలు జనం కొనడానికే లేదు.

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు: హెచ్‌1బీ మీద కొనొచ్చు. హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే చాలు. నేను గ్రీన్‌కార్డ్ రాకముందు అలాగే కొన్నాను.

న్యూజెర్సీ_రమ
"చాలు" అని ఒక్క మాటలో తేల్చేయకండి సార్. ఇది చదివి రేపు ఎవరో ఒక పిల్లాడు షాపుకి వెళ్తాడు. అసలు రూల్ ఏంటంటే, నాన్-ఇమిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఎఫ్‌1, హెచ్‌1బీ, హెచ్‌4, అందరికీ వర్తిస్తుంది. హంటింగ్ లైసెన్స్ ఒక మినహాయింపు మాత్రమే. అది చెల్లుబాటులో ఉన్నంతసేపే ఆ మినహాయింపు. టెక్సస్‌లో మామూలు హంటింగ్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు 1న అల్మారాలో రైఫిల్ ఉంటే అది నేరం. 2022 చట్టం తర్వాత ఆ నేరానికి 15 ఏళ్ల వరకు జైలు. పైగా డిపోర్టేషన్.

విస్కాన్సిన్_వేటగాడు
లైసెన్స్ రెన్యూ చేసుకోమనే కదా ఎవరైనా చెప్పేది. చట్టంలో రాసి ఉన్న దారినే చెప్పాను, దొంగదారి కాదు. షాపులో 4473 అనే ఫారం నింపాను, ఆ పెట్టె టిక్ చేశాను, లైసెన్స్ చూపించాను, ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయింది, తెచ్చుకున్నాను. మీరు ఒక్కసారైనా ఆ ఫారం చూశారా?

న్యూజెర్సీ_రమ
చూశాను. మా తమ్ముడి కేసులోనే చూశాను. అందుకే నాకు మంట. వాడూ మీలాంటి ఒక అన్నయ్య మాట విని హంటింగ్ లైసెన్స్ తీసుకుని పిస్టల్ కొన్నాడు. వేటకు ఒక్కసారీ వెళ్లలేదు. లైసెన్స్ ఎప్పుడు అయిపోయిందో కూడా చూసుకోలేదు. లాయర్ దగ్గర కూర్చుని అమ్మకు ఫోన్లో ఏం చెప్పాలో తెలీక వాడు పడ్డ నరకం నేను కళ్లారా చూశాను. మీరు పన్నెండేళ్లు అడవిలో ఉన్నారేమో, మేం మూడేళ్లు ఆ టెన్షన్‌లో ఉన్నాం.

అలబామా_స్టోర్
మీరంతా ఫారాల గురించి మాట్లాడుతున్నారు. నాది గ్యాస్ స్టేషన్. ఏడేళ్లయింది, రాత్రి పదకొండింటికి ఇద్దరు లోపలికొచ్చి మా కుర్రాడి కణతకు పిస్టల్ పెట్టారు. వాడు మా మేనత్త మనవడు, నా దగ్గరే పెరిగాడు. గల్లాలో 200 డాలర్లు కూడా లేవు. పోలీసులు రావడానికి 19 నిమిషాలు. ఆ మర్నాడే నేను కొన్నాను. కౌంటర్ కింద ఉంటుంది. నేను సిటిజన్‌ని, ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. గన్ కంట్రోల్ కావాలనేవాళ్లు ఒక్క నెల నా కౌంటర్ వెనక రాత్రిపూట నిలబడి తర్వాత మాట్లాడండి.

ప్లానో_వాసు
అన్నా, మీకు జరిగింది ఘోరం. కానీ కణతకు పిస్టల్ పెట్టినప్పుడు కౌంటర్ కింది తుపాకీ ఎలా తీస్తారు? డబ్బులిచ్చేయడమే ప్రాణానికి మంచిది.

అలబామా_స్టోర్
డబ్బులిచ్చాక కూడా కాల్చి చంపిన మన పిల్లల వార్తలు ప్రతి ఏడాదీ చదువుతున్నాం వాసూ. చదువుకోవడానికి వచ్చి పెట్టెలో ఇంటికెళ్లిన పిల్లలు. నీతో వాదన వద్దు నాకు.

బ్లాక్స్‌బర్గ్_పాతవిద్యార్థి
ఏఆర్ గురించి చాలా రాశారు. నేను వర్జీనియా టెక్‌లో మాస్టర్స్ చేస్తుండగా, 2007 ఏప్రిల్ 16న, ఒకడు 32 మందిని కాల్చి చంపాడు. వాడి దగ్గర రైఫిల్ లేదు. రెండు పిస్టళ్లు. నారిస్ హాల్ తలుపులకు లోపలి నుంచి గొలుసులు వేశాడు. సివిల్ ఇంజనీరింగ్‌లో లోగనాథన్ గారు హైడ్రాలజీ క్లాస్ చెప్తుండగానే పోయారు. తమిళాయన, మన పిల్లల్ని కూడా సొంత పిల్లల్లా చూసేవారు. ఆ క్లాసులో ఒకమ్మాయి ముంబై నుంచి వచ్చింది, ఆమె కూడా పోయింది.

నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఒకటుంది. వాడు తనకు తాను ప్రమాదకరమని ఒక జడ్జి అప్పటికే తేల్చారు. ఆ కాగితం బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసే కంప్యూటర్‌లోకి చేరలేదు. చేరి ఉంటే షాపువాడు అమ్మేవాడు కాదు. తర్వాత దాన్ని సరిచేయడానికి చట్టం తెచ్చారు, 2008 జనవరిలో బుష్ సంతకం చేశాడు. 2015లో చార్ల్‌స్టన్ చర్చిలో 9 మందిని చంపినవాడిదీ అలాంటిదే. మూడు పనిదినాల్లో చెక్ తేలకపోతే షాపువాడు అమ్మేయొచ్చు, అలా అమ్మేశారు. కొత్త చట్టం ఒక్కటీ లేకపోయినా ఉన్నదాన్ని సరిగా నడిపితే ఎంతమంది మిగిలేవారో అని లెక్క వేసుకుంటూ ఉంటాను.

విస్కాన్సిన్_వేటగాడు
ఇదే నేనూ చెప్పేది. తుపాకీ రకం మీద కాదు, మనిషి మీద చూపు పెట్టాలి.

ప్లానో_వాసు
రకం కూడా ముఖ్యమే. 2017 అక్టోబరు 1, లాస్ వెగాస్. హోటల్ కిటికీలోంచి పది నిమిషాల్లో వెయ్యికి పైగా తూటాలు. 60 మంది పోయారు. ఒక నొక్కుకు ఒక తూటా అన్నారు మీరు, వాడు రైఫిల్‌కి బంప్ స్టాక్ అనే పరికరం పెట్టి మెషిన్ గన్‌లా కాల్చాడు. ట్రంప్ ప్రభుత్వమే దాన్ని నిషేధిస్తే 2024లో సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. 1994 నుంచి 2004 దాకా దేశమంతటా కొత్తగా తయారయ్యే ఆ రకం రైఫిళ్ల మీద, పదికి మించి తూటాలు పట్టే కొత్త మ్యాగజైన్ల మీద నిషేధం ఉండేది. అప్పుడు మీ జింకల వేట ఆగిపోలేదే?

విస్కాన్సిన్_వేటగాడు
ఆ నిషేధం నడుస్తుండగానే, 1999లో కొలంబైన్ బడి కాల్పులు జరిగాయి. అది కూడా రాయండి. ఇక ఉవాల్డేలో దాదాపు 400 మంది పోలీసులు చేరి 70 నిమిషాలకు పైగా తలుపు తీయలేదు. అలాంటి పోలీసుల్ని నమ్ముకుని మా దగ్గరున్న తుపాకీ వదిలేయమంటారా?

ప్లానో_వాసు
లోపలున్నవాడి చేతిలో ఆ రైఫిల్ ఉందనే అన్ని తుపాకులున్న వాళ్లూ భయపడి ఆగారు సార్! 18 నిండిన కొద్దిరోజులకే షాపుకెళ్లి కొన్నాడు వాడు. ఇంతకంటే మీకేం కావాలి?

అనంతపూర్_అబ్బాయి
ఇంత భయపడుతూ అక్కడెందుకు అన్నా, వచ్చేయండి. ఇక్కడ లైసెన్స్ తుపాకీ కావాలంటే ఏళ్లు తిరగాలి. ఎన్నికలొస్తే ఆ ఉన్నది కూడా పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయాల్సిందే. మా ఊళ్లో ఫ్యాక్షన్ రోజుల్లో నాటు బాంబులు చూశాం గానీ, బడి పిల్లల మీదికి ఎవడూ పోలేదు.

కాన్సస్_కృష్ణ
వచ్చేయండి అనడం తేలిక తమ్ముడూ. 2017 ఫిబ్రవరి 22న ఒలాతేలో మనవాళ్లిద్దరు ఆఫీసయ్యాక బార్‌లో కూర్చుంటే, ఒకడు "నా దేశం నుంచి పొండి" అని కాల్చాడు. ఒకరు పోయారు. వాణ్ణి అంతకుముందే బయటికి పంపేశారు, వెళ్లి తుపాకీతో తిరిగొచ్చాడు. అడ్డుపడ్డ ఒక అమెరికన్ కుర్రాడికీ తూటా తగిలింది. నేను అక్కడికి పది నిమిషాల దూరంలో ఉంటాను. పిల్లలు పుట్టింది ఇక్కడ, ఇల్లు ఇక్కడ, ఆ కుర్రాడిలాంటి వాళ్లూ ఇక్కడే ఉన్నారు. నేను ఎక్కడికీ వెళ్లను.

ఈఆర్_నర్సు
నేను చూసే గన్ కేసుల్లో మాస్ షూటింగ్‌లవి చాలా తక్కువ. ఈ దేశంలో తుపాకీతో పోయేవాళ్లలో సగానికి పైగా ఆత్మహత్యలే. 2021లో 48,830 మంది పోతే అందులో 26 వేలకు పైగా అవే. మాత్రలు మింగినవాళ్లలో చాలామందిని బతికించి ఇంటికి పంపుతాం. తుపాకీ వాడినవాళ్లలో పదిలో తొమ్మిది మంది దక్కరు. ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడి, ఎవరికీ చెప్పుకోలేక ఉన్న మనవాళ్లను చూశాను. అలాంటి రాత్రి ఇంట్లో తుపాకీ ఉండకూడదు, నా గట్టి అభిప్రాయం అది.

ఫ్రిస్కో అమ్మగారూ, ప్లేడేట్ గురించి తప్పకుండా అడగండి. పిల్లల డాక్టర్లే అడగమంటారు. "మా పాపకు పల్లీలు పడవు, మీ ఇంట్లో కుక్క ఉందా, గన్ ఉంటే లాక్‌లో ఉందా" అని అన్నీ కలిపి ఒక్కసారే మెసేజ్ పెడతాను నేను. ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ అనుకోలేదు. ఒకావిడ మాత్రం అడిగినందుకు థాంక్స్ చెప్పి, ఆ రోజే వెళ్లి సేఫ్ కొంది.

విస్కాన్సిన్_వేటగాడు
నర్సు గారి మాట నేనూ ఒప్పుకుంటాను. సేఫ్ లేకుండా ఎవరూ కొనొద్దు. తూటాలు వేరే చోట పెట్టాలి. కొనేముందు రెండు మూడుసార్లు షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దెకు తీసుకుని కాల్చి చూడండి.

న్యూజెర్సీ_రమ
మళ్లీ అదే! హెచ్‌1బీ వాళ్లకు హంటింగ్ లైసెన్స్ లేకపోతే రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకోవడం కూడా కుదరదు. పట్టుకున్నా చట్టం దృష్టిలో దగ్గర పెట్టుకున్నట్టే. ఎంతమంది మన పిల్లలు వెగాస్ ట్రిప్‌లో కాల్చి ఇన్‌స్టాలో ఫోటోలు పెడుతున్నారో చూడండి. మీరు క్లాసులు చెప్తానన్నారు, ఇది చెప్పరా?

విస్కాన్సిన్_వేటగాడు
నా క్లాసుకొచ్చేవాళ్లంతా ఇక్కడ పుట్టినవాళ్లే. ఆ సంగతి రాయకపోవడం నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. మీ తమ్ముడి విషయంలో నన్ను తప్పుపట్టకండి, అంతే.

మోడరేటర్
వ్యక్తిగత మాటలు ఆపండి. ఇద్దరి పోస్టుల్లోంచి చెరో వాక్యం తీసేశాను.

బ్లాక్స్‌బర్గ్_పాతవిద్యార్థి
అమ్మా, పాపకు ఏం చెప్పాలన్నారు, ఎవరూ చెప్పలేదు. నాకు ఇద్దరు. "బయట ప్రమాదం ఉంటే టీచర్ చెప్పినట్టు చేస్తాం, మంటలొస్తే చేసే డ్రిల్ లాంటిదే" అని అంతవరకే చెప్పాను చిన్నదానికి. పెద్దవాడు ఐదో తరగతిలో వాడే నెట్‌లో నా యూనివర్సిటీ పేరు చూసి అడిగాడు. ఆ సాయంత్రం అంతా కూర్చోబెట్టి చెప్పాను. పోయినవాళ్ల పేర్లు చెప్పాను, చంపినవాడి పేరు చెప్పలేదు.

ఫ్రిస్కో_అమ్మ
అందరికీ థాంక్స్. నర్సు గారు చెప్పినట్టే మెసేజ్ పెట్టాను. వాళ్లింట్లో రెండున్నాయట, సేఫ్‌లో ఉన్నాయట, శనివారం వచ్చినప్పుడు చూపిస్తానంది. బూట్లు మార్చాను, పాప ఏడ్చింది.

రమ గారూ, మీ పోస్ట్ చదివినప్పటి నుంచి చేతులు వణుకుతున్నాయి. మావారు పోయిన నెల ఆఫీసువాళ్లతో రేంజ్‌కి వెళ్లారు. ఫోటోలు కూడా పెట్టారు. హంటింగ్ లైసెన్స్ లేదు. గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసిన మా ఐ-140 పిటిషన్ ఇంకా పెండింగ్‌లో ఉంది. ఇప్పుడేం చేయాలి?

న్యూజెర్సీ_రమ
ఇక్కడ ఇంకేమీ రాయకండి. పొద్దున్నే ఇమిగ్రేషన్ లాయర్‌కి ఫోన్ చేయండి, ఆయన చెప్పేదాకా ఫోటోలు తీసేయడం గానీ ఏదీ చేయకండి. నాకు మెసేజ్ పెట్టండి, మా తమ్ముడికి చూసిన లాయర్ నంబర్ ఇస్తాను.