సమస్య: పిల్లి మీట తీగ పల్లవించె

నిర్వాహకుడు (కపిలతీర్థం రోడ్డు, తిరుపతి):
ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. ముందు మూడు పాదాలు రాసి దీనికి అర్థం కుదర్చడమే పూరణ.

పిల్లి మీట తీగ పల్లవించె

ఇది ఎక్కడ పుట్టిందో ముందు చెప్తాను. మా వీధిలో ఒక మిద్దె మీద కీబోర్డు క్లాసు నడుస్తుంది. పిల్లలంతా వెళ్ళిపోయాక సారు ఒక్కరే కూర్చుని సాధన చేసుకుంటారు. ఆ ఇంటి పిల్లి అడాప్టరు మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకునే ఉంటుంది, చెవులు మాత్రం స్వరం ఎటు పోతే అటు తిరుగుతాయి. రోజూ ఒంటరిగా వాయించేవాళ్ళకి ఆ రెండు చెవులు ఎంత తోడో నాకు ఆ మిద్దె మీదే తెలిసింది. పూరణలో ఆ తోడు కనపడాలి.

యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) సంగతి: పి, ప అచ్చు కలవదు కాబట్టి మామూలు యతి కుదరదు. పిల్లి–పల్ల ప్రాసయతి, అంటే వాటి రెండో అక్షరాలు కలవడం, ఆటవెలదిలో చెల్లుతుంది. ‘మీట’ అంటే మీటగా అనుకోవచ్చు, నొక్కే మీటా అనుకోవచ్చు. తీగ వీణదో, మల్లెదో, కరెంటుదో మీ ఇష్టం. అది ఎందుకు పల్లవించిందో మాత్రం పద్యమే చెప్పాలి.

తిరుచానూరు మాస్టారు:
రాగ మొకటి రాక రాత్రంత కూర్చుండ
కునుకు పట్ట కొంత కుర్చిలోన
మెల్ల మెల్ల వచ్చి మెత్తని పాదాన
పిల్లి మీట తీగ పల్లవించె

నిర్వాహకుడు:
మాస్టారూ, మూడో పాదం చదువుతుంటే పిల్లి అడుగు చప్పుడు లేకుండా నడిచినట్టే ఉంది. కానీ రాగం రాక కూర్చున్న మనిషికీ తీగకీ సంబంధం ఏమిటి? ఎండిన తీగ ముందు కనపడితేనే కదా తర్వాత చిగురించేది. మొదటి పాదం ఇలా మారిస్తే చూడండి:

రాగలతిక వాడ రాత్రంత కూర్చుండ

‘వాడి’ అనకూడదు. వాడింది లత, కూర్చున్నది మనిషి. కర్తలు వేరు కాబట్టి ‘వాడ’ అనాలి.

తిరుచానూరు మాస్టారు:
ఒక్క మాటతో పద్యం నిలబడింది. అట్లే ఉంచండి నాయనా.

చిత్తూరు అక్కయ్య (వీణ):
శ్రుతిని పాడు పెట్టె చోటు వెచ్చన గాగ
చలికి వచ్చి పక్క సర్దుకొనుచు
తోక కొసన, వీణ తోడుగా పాడంగ,
పిల్లి మీట తీగ పల్లవించె

నిర్వాహకుడు:
అక్కా, శ్రు–చో యతి చక్కగా కుదిరింది. ‘తోక కొసన’ అన్నది ‘మీట’ దాకా పోయి కలవాలి, మధ్యలో వీణ అడ్డం వచ్చింది. కొంచెం దూరాన్వయమే, అయినా అర్థం చెడలేదు. నా అనుమానాలు రెండు. శ్రుతిపెట్టె వెచ్చబడుతుందా? తోక తగిలితే తీగ వినపడేంత మోగుతుందా?

చిత్తూరు అక్కయ్య:
వెచ్చబడేది పెట్టె కాదు తమ్ముడూ, దాని పక్కనుండే నల్లటి అడాప్టరు. మాది పాతది, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన రకం. ప్లగ్గులో ఉన్నంతసేపూ గోరువెచ్చగా ఉంటుంది. పిల్లికి హాయిగా ఉండే వేడి 30 నుంచి 38 డిగ్రీలు. మనకు చలి అనిపించని రోజు కూడా అది వెచ్చని చోటు వెతుక్కునేది అందుకే. ఇక ధనుర్మాసం తెల్లవారుజామున చెప్పేదేముంది! తోక సంగతంటావా, నా వీణకు కాంటాక్టు మైకు ఉంది. పక్కనుండే మూడు తాళం తీగల్లో ఒకదానికి వెంట్రుకంత తగిలినా స్పీకరు పెద్దది చేసి చెప్తుంది. మొన్న ఆదివారం నా తానం మధ్యలో జరిగిందే రాశాను.

నిర్వాహకుడు:
అనుమానాలు వెనక్కి తీసుకుంటున్నాను. పద్యం అట్లే ఉండాలి.

కీబోర్డు నేర్చుకునే అమ్మాయి (ఇంటర్):
సార్, మొదటిసారి రాస్తున్నాను. ‘కీబోర్డు మీద పిల్లి కాలు మోపి’ అని మొదలుపెట్టి ఆగిపోయాను. టెన్షన్‌గా ఉంది.

నిర్వాహకుడు:
టెన్షన్ వద్దమ్మా. ‘కీబోర్డు’ గురువు, గురువు, లఘువు. అంటే త గణం, ఇంద్రగణం. ఆటవెలది మొదట్లో సూర్యగణమే (గురువు, లఘువు గానీ మూడు లఘువులు గానీ) రావాలి కాబట్టి ఆ మాట అక్కడ కూర్చోదు. మూడు సూర్యగణాలు ముందు నడిపించి నాలుగో చోట పెట్టు, యతి కూడా అక్కడే పడుతుంది:

కిటికి దూకి వచ్చి కీబోర్డు పై నెక్కి

మిగతాది నువ్వే రాయి.

కీబోర్డు నేర్చుకునే అమ్మాయి:
కిటికి దూకి వచ్చి కీబోర్డు పై నెక్కి
నిన్న రాత్రి నన్ను నిదుర లేపి
చూచి నవ్వు దొంగచూపుల మా యింటి
పిల్లి మీట తీగ పల్లవించె

తిరుచానూరు మాస్టారు:
శభాష్ తల్లీ! తీగ ఎక్కడిదని మీ సారు అడుగుతాడు. అడగనీ. ‘దొంగచూపుల’ దగ్గర పిల్లి నా కళ్ళ ముందుకొచ్చింది.

నిర్వాహకుడు:
అడగాల్సిందే మాస్టారూ, అయితే ఈసారికి కాదు.

అలిపిరి అన్న:
కొండ మీద వెలుగు కోనేటి రాయుని
మేన తావి నింపి మేలు కూర్చు
గడ్డి కంచె దూరి గంతులేసి పునుగు
పిల్లి మీట తీగ పల్లవించె

నిర్వాహకుడు:
అన్నా, పాదాంతంలో ‘పునుగు’ పెట్టి పిల్లిని విరిచారు. తిరుపతివాడికే తట్టే విరుపు ఇది. శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామికి పునుగు తైలం పూస్తారని ఇక్కడ తెలియనిదెవరికి? ‘గంతులేసి’ వ్యావహారికం, ‘గంతులిడి పునుగు’ అంటే గణమూ సరిపోతుంది. కానీ పునుగుపిల్లి మీటితే తీగ ఎందుకు చిగురించిందో పద్యంలో లేదు. విరుపు సమస్యను దాటించింది, తీర్చలేదు. పైగా అది పిల్లి జాతే కాదు, దాని కుటుంబం వేరు. సంగీతమూ జారిపోయింది. ఇంత మంచి ఊహను అలా వదిలేయకండి, ఇంకోసారి ప్రయత్నించండి.

రేణిగుంట స్టూడియో:
వీధి దీపమారి విద్యుత్తు పోయిన
పెట్టె మూగవోయె బెంగతోడ
మరల వచ్చినంత మరచిపోయిన నల్ల
పిల్లి మీట తీగ పల్లవించె

మా సింథసైజరు స్విచ్చు ఆపడం మర్చిపోయాను. కరెంటు రాగానే ముందు ఎర్ర లైటు వెలిగింది, తర్వాత పిల్లి కాలు పడింది.

చిత్తూరు అక్కయ్య:
‘పెట్టె మూగవోయె’ బాగుంది తమ్ముడూ. 1964లో సింథసైజరు చేసిన రాబర్ట్ మూగ్ గుర్తొచ్చాడు. ఆయన ఇంటిపేరును నిజానికి మోగ్ అని పలకాలి. మూగ అన్నా, మోగు అన్నా రెండూ మన మాటలే! ఆ పాత యంత్రాల్లో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి తీగలు గుచ్చితేనే నాదం పుట్టేది. ఈ సమస్యలో తీగ అచ్చంగా అక్కడిదే.

నిర్వాహకుడు:
తమ్ముడూ, అసలు పూరణ నీ వచనంలో ఉంది! పల్లవం అంటే చిగురు, లేతగా ఎర్రగా ఉంటుంది. ఆ ఎర్ర లైటే చిగురు. దాన్ని పద్యం బయట వదిలేశావు. ‘మరచిపోయిన’ ఎవరు మరచిందో తెలియకుండా పిల్లికి అంటుకుంటోంది కూడా. మూడో పాదం మార్చు. ‘నల్ల’ మాత్రం పోనివ్వకు.

రేణిగుంట స్టూడియో:
వీధి దీపమారి విద్యుత్తు పోయిన
పెట్టె మూగవోయె బెంగతోడ
ఎర్రచుక్క మొలవ నింతలో మా నల్ల
పిల్లి మీట తీగ పల్లవించె

తిరుచానూరు మాస్టారు:
ఎ–ఇ యతి కలిసింది. నలుపు పక్కన ఎరుపు ‘మొలవ’డం చూడండి. ఈ వారానికి నా ఓటు దీనికే.

నిర్వాహకుడు:
నాదీ. ఇప్పుడెక్కడుంది ఆ పిల్లి?

రేణిగుంట స్టూడియో:
పెట్టె మీదే పడుకుంది అన్నా. ముందుకాలు ‘మ’ మీదికి, తోక ‘ని’ మీదికి వేలాడేసింది. లేపబుద్ధి కాలేదు. ఆ రెండు స్వరాలూ లేని మోహనం మొదలుపెట్టాను.