అప్‌డేట్: గడియారం సరే, స్కేలు సంగతి?

గురుత్వం వల్ల గడియారం నెమ్మదిస్తే పక్కనున్న స్కేలూ మారుతుందా అని అడిగింది నేనే. చిక్కుముడి వీడింది. అక్కడే నిలబడి కొలిస్తే సెకను సెకనే, మీటరు మీటరే. రెండు చోట్ల కొలతలు పోల్చినప్పుడే తేడా బయటపడుతుంది.

2010లో అమెరికాలోని బౌల్డర్‌లో అల్యూమినియం అయాన్ గడియారం (అతి కచ్చితమైన అణు గడియారం) ఒకదాన్ని 33 సెంటీమీటర్లు పైకి లేపారు. రెండు మెట్ల ఎత్తు, అంతే! పైన గురుత్వ ప్రభావం కాస్త తక్కువ కాబట్టి కిందున్న గడియారం కంటే అది వేగంగా నడిచింది. ఎంతంటే, ఎనభై ఏళ్లకు దాదాపు 90 నానోసెకన్లు (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు).

నన్ను తిప్పలు పెట్టింది పొడవే. భూమి ఉపరితల వైశాల్యం నుంచి స్కూలు సూత్రంతో (వైశాల్యం = 4πr²) వ్యాసార్థం లెక్కకట్టి, తర్వాత కేంద్రం దాకా టేపు దించామనుకోండి. సాంద్రత అంతటా ఒకటే అనుకుంటే, టేపు సుమారు 1.5 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. సూర్యుడికైతే దాదాపు అర కిలోమీటరు! నేనేమో ఇన్నాళ్లూ స్కేలునే అనుమానించాను, నిజానికి గురుత్వం వల్ల వంగింది స్థలమట (స్పేస్).